ధ్రువపు ఎలుగుబంట్లు నేల మీది తిండికి అలవాటు పడిపోతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ధ్రువపు ఎలుగుబంట్లు సీళ్ళను తిని బతుకుతాయని చిన్నప్పటి నుంచీ చదివారు. ఈమధ్య వీడియోల్లో చూస్తే అవే పక్షి గుడ్లు తింటున్నాయి, రెయిన్‌డీర్‌ను తరుముతున్నాయి, ఒడ్డున తిమింగలం ఎముకలు గీక్కుంటున్నాయి. అంటే మంచు కరిగినా అవి నేల మీది తిండికి మారిపోతాయా? ఒకే ప్రాంతంలోని ఎలుగులు ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఎందుకు తింటున్నాయి? నేల తిండి తింటే వాటి ఒంట్లో చేరే విషాలు తగ్గుతాయి కదా? మూడూ మంచి ప్రశ్నలే.

ముందు సూటిగా జవాబు. మారింది ఎలుగు రుచి కాదు, వేసవిలో అది ఉండే చోటు. ఒకే గుంపులో పుట్టి, చలికాలమంతా ఒకే మంచు మీద వేటాడిన రెండు ఎలుగులు జులైలో విడిపోయి, ఒకటి మంచు వెంట ఉత్తరానికి, ఇంకొకటి ఒడ్డుకు పోయాయనుకోండి. అక్టోబరు నాటికి అవి తిన్నది వేరు, ఖర్చు పెట్టిన శక్తి వేరు, ఒంట్లో చేరిన రసాయనాలు కూడా వేరు. ఇక ఒడ్డున ఉండి కూడా దిట్టంగా కనిపించే ఎలుగుల సంగతి తవ్వి చూస్తే, చాలాసార్లు వాటిని నిలబెట్టింది నేల తిండి కాదని, ఏదో రకంగా ఒడ్డుకు చేరిన సముద్రపు కొవ్వేనని తేలుతుంది. కాబట్టి "అలవాటు పడిపోతాయి" అనే మాటను నేను ఒప్పుకోను.

నేను కెనడాలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేస్తాను. హెలికాప్టర్ నుంచి మత్తు సూది కొట్టి ఎలుగును పడుకోబెట్టేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు తెచ్చే వెంట్రుకలు, కొవ్వు ముక్కలు నా బల్ల మీదకు వస్తాయి. ఆ ఎలుగు ఏం తిన్నదో వాటి నుంచి చెప్పడం మా పని. కింద రాసిన దాంట్లో కొంత ఆ బల్ల దగ్గర తెలిసింది, మిగతాది ఈ రంగంలో అచ్చయిన పరిశోధన.

ధ్రువపు ఎలుగు అసలు తిండి సంగతి ముందు చూద్దాం. చాలా చోట్ల మొదటి స్థానం రింగ్డ్ సీల్‌ది, తర్వాత బియర్డెడ్ సీల్‌ది. రింగ్డ్ సీల్ చిన్న జంతువు, పెద్దదైనా 50 నుంచి 70 కిలోలు. బియర్డెడ్ సీల్ దానికి నాలుగైదు రెట్లుంటుంది. ఎలుగుకు కావలసింది మాంసం కన్నా ఎక్కువగా చర్మం కింది కొవ్వు. సీల్ దొరికితే ముందు కొవ్వు ఒలుచుకుని తింటుంది. బాగా దొరుకుతున్న రోజుల్లో మాంసాన్ని నక్కలకు వదిలేసి పోవడం మామూలే. ఏప్రిల్ నుంచి జులై దాకా దానికి పండగ రోజులు. మంచు గుహల్లో పుట్టిన రింగ్డ్ సీల్ పిల్లలు పాలు మానేసరికి వాటి ఒంట్లో సగం దాకా కొవ్వే ఉంటుంది, శత్రువును పసిగట్టే తెలివి ఇంకా రాదు. ఏడాదికి కావలసిన శక్తిలో పెద్ద వాటా ఎలుగు ఈ కొద్ది నెలల్లోనే కూడబెట్టుకోవాలి.

ఖర్చు ఎంతో కూడా చూడండి. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో అలాస్కాకు ఉత్తరాన ఉన్న బ్యూఫోర్ట్ సముద్రపు మంచు మీద తొమ్మిది ఆడ ఎలుగులకు కెమెరా కాలర్లు (మెడ పట్టీలు) కట్టి చూశారు. రోజుకు సగటున 12,300 కిలోకేలరీల పైచిలుకు ఖర్చవుతోందని తేలింది. అంతకుముందు అనుకున్నదానికి ఇది 1.6 రెట్లు. పది పన్నెండు రోజులకో పెద్ద రింగ్డ్ సీల్ పడితే తప్ప లెక్క సరిపోదు. ఆ తొమ్మిదింట్లో నాలుగు, ఎనిమిది నుంచి పదకొండు రోజుల్లోనే బరువులో పదో వంతు పోగొట్టుకున్నాయి. అది కూడా ఏప్రిల్‌లో, వేట బాగా సాగాల్సిన కాలంలో. గుడ్లు, పళ్ళ గురించి చదివేటప్పుడు ఈ అంకె పక్కన పెట్టుకుని చదవండి.

చోటు ఎందుకింత ముఖ్యం? సీళ్ళు ఎక్కువగా చేపలు, రొయ్యల్లాంటి జీవాలు దండిగా ఉండే చోట తిరుగుతాయి. అంటే తీరాన్ని ఆనుకుని, 300 మీటర్ల లోపు లోతున్న సముద్రంలో. దాని మీద మంచు కూడా ఉండాలి, ఎందుకంటే ఎలుగు ఎంత బాగా ఈదినా నీళ్ళలో సీల్‌ను పట్టడం దాని వల్ల దాదాపు కాదు. మంచులో సీల్ ఊపిరి తీసుకునే కన్నం దగ్గర కదలకుండా గంటల తరబడి కాపు కాస్తుంది, లేదా మంచు గుహ కప్పును ముందుకాళ్ళతో కూల్చి పిల్లను లాగుతుంది. పైన మంచు, కింద లోతు తక్కువ సముద్రం. ఈ రెండూ ఒకేచోట ఉన్నన్నాళ్ళే ఎలుగుకు కొవ్వు దొరుకుతుంది. నేను కింద చెప్పే కథలన్నీ ఈ రెంటిలో ఒకటి తప్పిపోయినప్పుడు ఏమవుతుందన్నవే.

అలాస్కా ఉత్తర తీరం, అంటే దక్షిణ బ్యూఫోర్ట్ సముద్రం, మీ రెండో ప్రశ్నకు సరైన జవాబు. ఇక్కడ లోతు తక్కువ పట్టీ చాలా సన్నం. అది దాటితే వేల మీటర్ల లోతు. ఒకప్పుడు వేసవిలో కూడా మంచు అంచు ఆ పట్టీకి దగ్గర్లోనే ఉండేది. ఇప్పుడు ఎండాకాలం చివరికి వందల కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిపోతోంది. ఎలుగు ముందు రెండు దారులుంటాయి: మంచుతో పాటు లోతు సముద్రం మీదకు పోవడం, లేదా దిగి ఒడ్డు పట్టడం. మెజారిటీ ఇప్పటికీ మంచుతోనే పోతున్నాయి. అక్కడ కాళ్ళ కింద మంచుంది గానీ సీళ్ళు బాగా తక్కువ. ఒడ్డుకు వచ్చేవి 1980ల మధ్య నుంచి 1990ల చివరి దాకా సుమారు 6 శాతం ఉండేవి, 2000 తర్వాతి పదిహేనేళ్ళలో 20 శాతానికి చేరాయి. ఒడ్డున గడిపే కాలం కూడా నెల రోజులు పెరిగింది.

ఈ రెండు దారుల మధ్య ఊగిసలాడటం కూడా ప్రమాదమే. 2008లో ఇదే సముద్రంలో కాలర్ కట్టిన ఒక ఆడ ఎలుగు మంచును వెతుక్కుంటూ తొమ్మిది రోజులు ఆగకుండా 687 కిలోమీటర్లు ఈదింది. మళ్ళీ పట్టి చూసేసరికి దాని బరువులో 22 శాతం పోయింది, వెంట ఉండాల్సిన ఏడాది పిల్ల లేదు.

సరే, ఒడ్డుకు వచ్చినవి ఏం తింటున్నాయి? బార్టర్ దీవి మీద కక్టోవిక్ అని చిన్న ఊరుంది. అక్కడి ఇనుపియాట్ జనం ప్రతి శరదృతువులో బోహెడ్ తిమింగలాలను వేటాడతారు, అది వాళ్ళ తరతరాల హక్కు, తిండి. కొవ్వు, మాంసం ఊరంతా పంచుకున్నాక మిగిలిన అస్థిపంజరాన్ని ఊరి చివర ఒక చోట పోస్తారు. ఆ ఎముకల గుట్టకు అంటుకుని మిగిలే కొవ్వు, మాంసం కూడా తక్కువేం కాదు. ఎలుగులు అక్కడికి డజన్ల లెక్కన చేరతాయి. మీరు చూసిన "ఎముకలు గీక్కునే" వీడియో ఇక్కడిదే అయ్యుండొచ్చు. కక్టోవిక్ ఎలుగులు లావుగా ఉన్నాయంటే అర్థం అవి నేల తిండికి మారాయని కాదు. ఒక సముద్ర జంతువు కొవ్వును మనుషులు ఒడ్డు మీద పెట్టారు, అంతే. తిమింగలం వేట తక్కువ పడిన ఏడాది ఆ తిండీ అంతే తగ్గుతుంది.

మా బల్ల మీద ఇది ఎలా తెలుస్తుందో చెబుతాను, ఎందుకంటే "వెంట్రుక చూసి తిండి ఎలా చెప్తారు" అని ప్రతివాళ్ళూ అడుగుతారు. వెంట్రుకలను క్లోరోఫారం, మిథనాల్ కలిపిన ద్రావణంలో కడిగి జిడ్డు, మట్టి పోగొడతాం. ఆరాక సన్న కత్తెరతో పొడి పొడిగా కత్తిరిస్తాం. అందులో ఒక మిల్లీగ్రాము లెక్కన, శనగగింజ కన్నా చిన్నదైన తగరపు గిన్నెలో వేసి, పటకారుతో నాలుగువైపులా మడిచి ఉండ చేయాలి. చలికాలంలో ల్యాబ్ గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి స్టాటిక్ పుట్టి ముక్కలు గిన్నెలోంచి ఎగిరి చేతి తొడుగుకు అంటుకుంటాయి. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారం టెన్షన్ అంతా దీంతోనే. ఆ ఉండను యంత్రంలో కాల్చి, వచ్చే వాయువులో నైట్రోజన్, కార్బన్‌ల బరువు ఐసోటోపులు (అదే మూలకంలో కాస్త బరువెక్కువ ఉన్న పరమాణువులు) మామూలు వాటితో పోలిస్తే ఏ పాళ్ళలో ఉన్నాయో చూస్తాం. ఆహారపు గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ బరువు నైట్రోజన్ పెరుగుతుంది. రింగ్డ్ సీల్ చేపలు తింటుంది కాబట్టి పై మెట్టు మీద ఉంటుంది. బోహెడ్ తిమింగలం అంత ఒళ్ళు పెట్టుకుని కూడా నీటిలోని చీమంత జీవాలను వడగట్టుకు తింటుంది, అందుకని అది కింది మెట్టు. ఎలుగు వెంట్రుకలో నైట్రోజన్ అంకె కిందికి దిగిందంటే మా మొదటి అనుమానం బోహెడ్ మీదకే పోతుంది. దాని కాలర్ మ్యాప్, అంటే మెడ పట్టీ పంపిన జాడల పటం, తెప్పించి చూస్తే చాలాసార్లు సెప్టెంబరు చుక్కలన్నీ తీరం వెంట గుట్టగా పడి ఉంటాయి.

కొవ్వు ముక్క ఇంకో దారి. ఎలుగు పిరుదు దగ్గర తీసిన పెన్సిల్ మందం కొవ్వు వస్తుంది. మూత తీయగానే చేపనూనె వాసన కొడుతుంది. అందులో డెబ్బై దాకా ఫ్యాటీ యాసిడ్లను విడదీసి చూడొచ్చు. ఒక్కో సీల్ జాతి కొవ్వులో వీటి పాళ్ళు ఒక్కో రకం. తిన్నవాడి కొవ్వులో ఆ పాళ్ళ జాడ మిగులుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, వెంట్రుక ఏడాది మొత్తం కథ చెప్పదు. అది పెరిగేది ప్రధానంగా వేసవి నుంచి శరదృతువు దాకా, కాబట్టి ఆ కాలపు తిండే ఎక్కువ కనిపిస్తుంది. ఏప్రిల్‌లో తిన్న సీల్ పిల్లల లెక్క అందులో సరిగా రాదు. రెండు, వెంట్రుక ప్రోటీన్. సీల్ కొవ్వులో నైట్రోజన్ దాదాపు ఉండదు. కొవ్వు మాత్రమే తిని మాంసం వదిలేసిన ఎలుగు వెంట్రుకలో ఆ సీల్ ఉండాల్సినంత కనిపించదు. అందుకే వెంట్రుక ఒక్కదాన్నే పట్టుకుని "ఈ ఎలుగు 40 శాతం ఫలానాది తింది" అని ఎవరైనా రాస్తే నేను వెంటనే నమ్మను. కొవ్వు పరీక్ష, కాలర్ మ్యాప్ పక్కన పెట్టి చూడాలి.

బ్యూఫోర్ట్ నుంచి పడమరకు జరిగితే చుక్చీ సముద్రం. పక్కపక్క ప్రాంతాలు, రెండుచోట్లా మంచు బాగా తగ్గింది. కానీ చుక్చీ ఎలుగులు దిట్టంగా ఉన్నాయి, పిల్లలు బాగా పెడుతున్నాయి. బ్యూఫోర్ట్‌లో మాత్రం ఈ శతాబ్దం మొదటి పదేళ్ళలో సంఖ్య బాగా పడిపోయి 2010 నాటికి సుమారు 900కు వచ్చింది. తేడా సముద్రం అడుగున ఉంది. చుక్చీలో లోతు తక్కువ నేల చాలా వెడల్పు, సీళ్ళు దండి. మంచు కొంత వెనక్కి పోయినా ఇంకా ఆ నేల మీదే ఉంటుంది. పైగా రాంగెల్ దీవి ఒడ్డుకు తిమింగలాలు, వాల్రస్‌ల కళేబరాలు కొట్టుకొస్తుంటాయి. 2017లో అక్కడ ఒక బోహెడ్ కళేబరం దగ్గర రెండు వందలకు పైగా ఎలుగులను ఓడలోని వాళ్ళు చూశారు. "మంచు తగ్గినా ఎలుగులు బాగున్నాయి" అని ఎవరైనా అంటే ఏ సముద్రం అని అడగండి. చుక్చీకి చెల్లిన మాట బ్యూఫోర్ట్‌కు చెల్లదు.

స్వాల్‌బార్డ్ కథ వేరు. నార్వే చేతిలో ఉన్న ఈ దీవుల్లోనే, న్యూ ఒలెసుండ్‌లో, మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి ఉంది. ఇక్కడి ఎలుగుల్లో స్పష్టంగా రెండు తరహాలున్నాయి. కొన్ని ఏడాది పొడుగునా దీవుల దగ్గరే, ఫ్యోర్డులు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయలు) పట్టుకుని తిరుగుతాయి. మరికొన్ని మంచు అంచు వెంట రష్యా వైపు, ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ దాకా పోతాయి. దూరం పోయేవి ఎక్కువ నడుస్తాయి, ఎక్కువ ఈదుతాయి, దానికి తగ్గట్టు ఎక్కువ తినాలి. వాటికి దొరికేది దాదాపు పూర్తిగా సముద్రపు తిండి. తీరపు ఎలుగులు ఒకప్పుడు హిమానీనదాలు సముద్రంలో కలిసే చోట గడ్డకట్టిన ఫ్యోర్డుల మంచు మీద రింగ్డ్ సీళ్ళను పట్టేవి. 2006 నుంచి ఆ మంచు బాగా తగ్గింది. 2000ల మొదటి ఏళ్ళనూ 2010 తర్వాతి ఏళ్ళనూ కాలర్ల లెక్కలో పోల్చి చూస్తే, సీళ్ళు ఇంకా హిమానీనదాల అంచునే ఉన్నాయి, ఎలుగులు మాత్రం వేసవిలో అక్కడ గడిపే సమయం తగ్గించి, పక్షులు నేల మీద గూళ్ళు పెట్టే దీవుల దగ్గర ఎక్కువ గడుపుతున్నాయి. బార్నకిల్ బాతులు, ఈడర్ బాతుల కాలనీలు కొన్ని కొన్ని ఏళ్ళలో దాదాపు ఖాళీ అయిపోయాయి. 2020 ఆగస్టులో హార్న్‌సుండ్ ఫ్యోర్డులో ఒక ఆడ ఎలుగు రెయిన్‌డీర్‌ను నీళ్ళలోకి తరిమి, ముంచి చంపి, ఒడ్డుకు లాక్కొచ్చి తినడం అక్కడి పోలాండ్ పరిశోధన కేంద్రం వాళ్ళు చూసి రాశారు. అక్కడ 1925లో రెయిన్‌డీర్ వేటను నిషేధించడంతో మందలు మళ్ళీ పెరిగాయి, అదీ ఒక కారణం.

నా మాటకు కాస్త అడ్డం తగిలేది ఈ స్వాల్‌బార్డే, అది దాచను. మంచు అంతలా తగ్గినా అక్కడి ఎలుగుల ఒంటి స్థితి ఇప్పటిదాకా చెప్పుకోదగ్గంత దిగజారలేదు. రెయిన్‌డీర్, గుడ్లు, వాల్రస్ కళేబరాలు అన్నీ కలిసి కొంత ఆసరా ఇస్తుండొచ్చు. కానీ అక్కడ తీరపు ఎలుగులు కొన్ని వందలే, వసంతంలో సీళ్ళు ఇంకా దొరుకుతున్నాయి. దీన్ని పట్టుకుని మొత్తం ఆర్కిటిక్‌కు సూత్రం కట్టేయలేం.

గుడ్ల మీద ఇంకో మాట. కెనడాలో మిటివిక్ దీవి మీద ఈడర్ గూళ్ళ మధ్య తిరిగే ఎలుగులను డ్రోన్‌తో చూశారు. మొదట్లో వచ్చినవాటికి విందే. రోజులు గడిచేకొద్దీ, తర్వాత వచ్చినవి ఖాళీ గూళ్ళ చుట్టూ తిరగడంలోనే శక్తి పోగొట్టుకున్నాయి. గుడ్లు ఏడాదిలో కొన్ని వారాలే ఉండే తిండి, ముందు వచ్చినవాడిదే రాజ్యం.

కెనడాలోని పశ్చిమ హడ్సన్ బేలో ఎలుగుకు ఎంపికే లేదు. వేసవిలో ఆ అఖాతంలో మంచు పూర్తిగా పోతుంది, అన్నీ చర్చిల్ ఊరి చుట్టుపక్కల ఒడ్డెక్కాల్సిందే. నేల తిండి వాదాన్ని పరీక్షించడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. 2019 నుంచి 2022 మధ్య అక్కడ ఇరవై ఎలుగులకు కెమెరా కాలర్లు కట్టి మూడేసి వారాలు గమనించారు. కొన్ని కదలకుండా పడుకున్నాయి. కొన్ని తెగ తిరిగి బెర్రీలు, గడ్డి, సముద్రపు నాచు, పక్షులు, పాత ఎముకలు తిన్నాయి. పడుకున్నవీ, తిరిగి తిన్నవీ కూడా చిక్కిపోయాయి. ఇరవైలో పందొమ్మిది రోజుకు 0.4 నుంచి 1.7 కిలోల దాకా పోగొట్టుకున్నాయి. తిన్న కేలరీలు తిరగడానికే సరిపోయాయి. ఉపవాసం రోజు నోట్లో వేసుకునే పండు ముక్క ఎంతో, ఆ బెర్రీలూ అంతే. అక్కడి ఎలుగుల సంఖ్య 1980ల చివర్లో సుమారు 1,200 ఉండేది, 2021 లెక్కలో 618.

ఒకే చోట ఉన్నవాటిలో కూడా అన్నీ ఒకటే తినవు. వసంతంలో పిల్లల తల్లులు పెద్ద మగవాటికి దూరంగా, తీరానికి అతుక్కున్న స్థిరమైన మంచు మీద రింగ్డ్ సీల్ పిల్లలను పట్టుకుంటాయి, ఎందుకంటే మగ ఎలుగు చేతిలో పిల్లలకు ప్రాణగండం. నాలుగైదు వందల కిలోల మగ ఎలుగు కదిలే మంచు మీదకు పోయి బియర్డెడ్ సీల్‌ను కూడా నెగ్గుతుంది. కొవ్వు పరీక్షల్లో ఈ తేడా చాలా ప్రాంతాల్లో కనిపిస్తుంది. ప్రాంతాన్ని బట్టి జాతులూ మారతాయి: డేవిస్ జలసంధిలో హార్ప్ సీళ్ళు, తూర్పు గ్రీన్‌లాండ్‌లో హార్ప్, హుడెడ్ సీళ్ళు. ఆగ్నేయ గ్రీన్‌లాండ్‌లో కొన్ని వందల ఎలుగులు ఏడాదిలో దాదాపు వంద రోజులే సముద్రపు మంచు ఉన్నా బతుకుతున్నాయని 2022లో బయటపడింది. హిమానీనదాల నుంచి ఊడిపడి ఫ్యోర్డుల్లో పేరుకునే మంచినీటి మంచు గడ్డల మీద అవి సీళ్ళను వేటాడుతున్నాయి. మంచు రకం మారింది గానీ తిండి మాత్రం సీలే.

నేల మీద పెద్ద ఎలుగు బతకగలదా అన్నదానికి ప్రకృతి చేసి పెట్టిన పరీక్ష ఒకటుంది. అలాస్కా ఉత్తర తీరంలో గ్రిజ్లీలు, అంటే గోధుమ ఎలుగులు, ఉన్నాయి. ఆ నేల మీద పుట్టి, ఆ తిండే తిని పెరిగిన జాతి. గోధుమ ఎలుగుల్లోకెల్లా చిన్న ఒళ్ళు, తక్కువ సంఖ్య ఉన్నవాటిలో అవీ ఉంటాయి. అక్కడే పుట్టి పెరిగిన వాటినే ఆ నేల అంతంతమాత్రంగా పోషిస్తుంటే, వాటికి రెట్టింపు ఒళ్ళున్న కొత్త అతిథి ఏం తిని బతుకుతుంది? పైగా కక్టోవిక్ ఎముకల గుట్ట దగ్గర ఇద్దరూ ఎదురుపడితే తప్పుకునేది ఎక్కువగా ధ్రువపు ఎలుగే.

చివరగా విషాల సంగతి. మీరు అనుకున్నదాంట్లో సగం నిజం. పాదరసం, పీసీబీల్లాంటివి (పీసీబీలంటే ఫ్యాక్టరీల్లో తయారైన, త్వరగా నశించని విష రసాయనాలు) ఆహారపు గొలుసులో మెట్టు మెట్టుకీ పేరుకుంటాయి. కింది మెట్టు మీది బోహెడ్ తిన్న ఎలుగులో పాదరసం తక్కువుంటుంది. 2004 నుంచి 2011 మధ్య దక్షిణ బ్యూఫోర్ట్ ఎలుగుల వెంట్రుకల్లో పాదరసం తగ్గడానికి తిండి మారడం ఒక కారణమని తేల్చారు. స్వాల్‌బార్డ్‌లో కూడా మంచు వెంట దూరం పోయే ఎలుగుల్లోనే విషాలు ఎక్కువ, తీరపు వాటిలో తక్కువ. కానీ పీసీబీలు దాక్కునేది కొవ్వులో. ఎలుగు ఒడ్డున పస్తులుండి కొవ్వు కరిగించుకుంటే, ఆ కొవ్వులో ఉన్నదంతా రక్తంలోకి వస్తుంది. పాలిచ్చే తల్లి అయితే అది పాలలోకి, అక్కడి నుంచి పిల్లలోకి పోతుంది. ఒడ్డున గుంపులుగా చేరడం వల్ల నేల జంతువుల రోగాలు తగిలే అవకాశం కూడా పెరుగుతుంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి లాంటి వాటికి ఎలుగు ఎదురుపడిన గుర్తులు రక్తపరీక్షల్లో కనిపిస్తున్నాయి.

హడ్సన్ బే కాలర్ కెమెరాల వీడియోలు వెతికితే దొరుకుతాయి, చూడండి. వాటి మీద ఏమైనా సందేహం వస్తే ఇక్కడే అడగండి, వీలు చూసుకుని రాస్తాను.